తడి పాదాల కొలత

ఫ్రీమాంటిల్‌లో, సున్నపురాయి గోడల వీధిలో
ద్రాగిత్స వూలెటిచ్ గారి పెరట్లోకి
టేపూ పెన్సిలూ మడత కుర్చీ పట్టుకుని వెళ్ళాను.
ఈతకొలను పక్కన ఒక చిన్న గది, అంతే పని.
తువ్వాళ్ళకి కొక్కేలు, ఒక షవరు,
పంపు మోటారుకి గూడు, పైన వాలు రేకు.
మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళొచ్చనుకున్నాను.

మొదటి కాగితం చూసి ఆవిడ
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.
"తలుపు ఇక్కడెందుకు?"
"గోడకి నడిమధ్య ఉంటే అందంగా ఉంటుందని."
"తడిసిన మనిషి అందం చూసుకోడు నాయనా,
దగ్గర దారిన పరిగెడతాడు."

రెండో కాగితంలో కిటికీ నచ్చలేదు.
మూడోదాంట్లో బల్ల వెడల్పు చాలదంది:
"ముప్పై ఏళ్ళు చేపల పెట్టెలు మోశాను.
కూర్చోడానికెంత చోటు కావాలో
నీ టేపుకంటే నా నడుముకి బాగా తెలుసు."
నగరపాలక సంఘం రూళ్ళు చదివాను.
కంచెకీ గోడకీ మధ్య ఎడం,
దానంతటదే మూసుకునే గేటు,
పసివాళ్ళకి అందని గొళ్ళెం.
అన్నిటికీ ఒక్కోసారి తలూపింది.
గొళ్ళేనికి రెండుసార్లు.

ఆదివారం మళ్ళీ రమ్మంది.
వెళ్ళేసరికి మనవలు ఐదుగురు నీళ్ళలో,
ఆవిడ గట్టు మీద, చేతిలో సుద్దముక్క,
గుడ్డ పరిచి నిలబడ్డ దర్జీలా.
ఈల వేసింది.
ఐదుగురూ ఒక్కసారే పైకెక్కి
కాలిన పలకల మీద చిందులేస్తూ
తువ్వాళ్ళ తీగ వైపు పరుగు.
వాళ్ళ వెనక
మడమ, ఐదు చుక్కలు, మడమ, ఐదు చుక్కలు.
"గీయి, గీయి, ఎండ తాగేస్తోంది!"
నేను మోకాళ్ళ మీద, ఆవిడ నడుం వంచి
పాదాల చుట్టూ గీతలు లాగాం.
సగం పాదాలు మా చేతుల కిందే ఆవిరైపోయాయి,
మడమ పోయి బొటనవేలు ఒక్కటీ మిగిలి.

మూడు ఈలలు, మూడు పరుగులు.
లేచి నిలబడి చూస్తే
కొలనులోంచి ఒక తెల్లని వాగు బయల్దేరినట్టుంది.
తిన్నగా లేదు. నిమ్మచెట్టు దగ్గర వంగింది.
అది చిక్కబడ్డ చోటే తలుపు,
గోడ చివర, మూలకి.
ఇరవై ఏళ్ళ నా స్కేలు
జేబులో ముడుచుకుని కూర్చుంది.

"ఇక్కడెందుకు వంగారర్రా?" అందావిడ.
పిల్లలు తల తుడుచుకోవడంలో మునిగిపోయారు.
చెట్టు కింద నీవెస్, తొమ్మిదేళ్ళది,
పొడి గౌనుతో, పొడి కాళ్ళతో,
పలకల మీద ఒక్క గుర్తూ లేని పిల్ల.
తన మీద నీళ్ళు చిందుతాయని
అంత పరుగులోనూ అందరూ పక్కకి జరిగారు.
గొళ్ళెం సంగతి నేను అడగలేదు.
ఎవరూ చెప్పలేదు.

ఆవిడ మెల్లగా వెళ్ళి పిల్ల పక్కన చతికిలబడింది.
"ఇక్కణ్ణుంచి నీళ్ళు కనిపిస్తాయా?"
"సగం."
"సగం చాలా?"
పిల్ల ఒక నిమ్మాకు చించి వాసన చూసింది.
"చాలు," అంది. తర్వాత,
"ఇప్పటికి."
ఆవిడ సుద్దముక్క నా మీదికి విసిరింది.
పొడి పాదాల చుట్టూ కూడా గీశాను.
నీవెస్ కదల్లేదు, కితకితలకి వేళ్ళు ముడిచింది తప్ప.

మూడింటికి సముద్రం మీంచి గాలి లేచింది.
ఆ గాలిని ఇక్కడ డాక్టరంటారు.
వచ్చి అందరి ఒళ్ళూ తడిమి చూసి
సుద్దంతా ఎత్తుకుపోయింది.
అప్పటికే నా కాగితం నిండింది.

ఆఫీసులో గుమాస్తా కుర్రాడు ప్లాను తిప్పి తిప్పి చూశాడు.
"గది బయట, చూరు కింద
ఈ వంకర అరుగేమిటి? సగం కొలనే కనిపిస్తుంది.
ప్రయోజనం గడి ఖాళీగా వదిలేశారు."
పెన్ను తీసుకుని రాశాను:
కూర్చోడానికి.